పొయ్యి తినని ఉప్పు

నాకు నోరెక్కువ అని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. గనుల ఊరు బచేలిలో కెమిస్ట్రీ టీచరుగా ఉన్న రోజుల్లో ముప్పావుగంట పాఠం గంటసేపు చెప్పేదాన్ని. పిల్లలు ఆవులిస్తే తిట్టి మరీ చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, ఒక్క మాట అనాల్సిన చోట అనలేదు.

మా ల్యాబు తుడిచే అక్క తెలుగు సరిహద్దు దగ్గరున్న మద్దేడ్ వైపు మనిషి. పిల్లలతో హిందీ, సంతలో గోండీ, నాతో తెలుగు మాట్లాడేది. నాకంటే పదేళ్లు పెద్ద కాబట్టి నా మీద అధికారమూ చూపించేది. ఒకసారి జామకాయ ముక్కలకు అద్దుకోగా మిగిలిన ఉప్పును కిటికీలోంచి పారబోశానని నన్ను ఎంత కోప్పడిందో. వాళ్లమ్మ ఒకప్పుడు సారపలుకుల గంప నెత్తిన పెట్టుకుని రోజంతా నడిచి సంతకు పోయి, వాటికి బదులు ఉప్పు తెచ్చేదట. వాళ్లింట్లో ఉప్పును తొక్కరు, పారబోయరు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ రోజు పొద్దున ప్రాక్టికల్స్ కోసం బేరియం నైట్రేట్ సీసా దించాను. తెల్లని పలుకులు, కడిగి ఆరబెట్టిన కల్లుప్పులా మెరుస్తాయి. చూడ్డానికి ఎంత సాధువో! తనంతట తాను మండదు. కానీ గుడ్డో, కాగితమో, బొగ్గో దొరికి నిప్పు తగిలిందంటే, తనలోని ఆక్సిజన్ అంతా దానికి ధారపోసి ఎగదోస్తుంది. ఇక కడుపులోకి పోతే చెంచాడు చాలు. వాంతులతో మొదలై, కండరాలు చచ్చుబడి, ఊపిరి దాకా వస్తుంది. ఇవన్నీ పిల్లలకు బోర్డు మీద రాసి, కింద గీతలు కూడా గీశాను.

తూచబోతుంటే చెయ్యి తగిలి సీసా ఒరిగింది. బల్ల మీద దోసెడు పోసినట్టయింది. అంతలో పెద్దసారు పిలుస్తున్నారని కబురు. "అక్కా, అది కాస్త తీసి పారెయ్" అనేసి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం బెల్లు కొట్టారు. బల్ల అద్దంలా ఉంది. తడిగుడ్డ కిటికీలో ఎండకు ఆరుతోంది. ఈ పదార్థం పీల్చుకున్న గుడ్డ ఎండిందంటే నిప్పురవ్వ చాలు. గబగబా బకెట్ నీళ్లలో ముంచాను. అప్పుడు చెత్తబుట్టలోకి చూశాను. ఖాళీ. దోసెడు పలుకులు ఎక్కడికి పోయినట్టు?

జామకాయ ఉప్పు గుర్తొచ్చింది. అక్క రోజూ ఆ వేళకు ఇంటికి పోయి, వాళ్లమ్మకు జావ కాచి పెట్టి వస్తుంది.

అల్మారాలోంచి మెగ్నీషియం సల్ఫేట్ సీసా లాక్కున్నాను. బేరియం విషానికి విరుగుడు అదే. రెండూ కలిస్తే నీళ్లలో కరగని తెల్లటి మడ్డి అయిపోతుంది. ఎదురొచ్చిన వాచ్‌మన్‌కు ఆసుపత్రికి ఫోన్ చెయ్యమని అరిచి, స్కూలు వెనక బస్తీకి పరుగెత్తాను. చెప్పు తెగి ఎర్రమట్టిలో ఉండిపోయింది. ఆ సందులో నేను మొక్కని దేవుడు లేడు.

గుమ్మంలోంచి చూస్తే అక్క గిన్నెలు కడుగుతోంది, వాళ్లమ్మ, ముసలి అవ్వ, పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన జావకుండ. దాని పక్కన టేకాకులో తెల్లని పలుకులు. నేను అరిచేలోపే అవ్వ చిటికెడు తీసి పొయ్యిలో వేసింది. ఇంటికి కొత్తగా ఏది వచ్చినా మొదటి చిటికెడు పొయ్యికి పెట్టి, అది సరిగ్గా తిన్నదా అని చూడటం వాళ్ల ఆనవాయితీ.

నిప్పు చుర్రుమంది. కట్టె తెల్లగా వెలిగి, దాని చుట్టూ లేత ఆకుపచ్చ మంట లేచింది. చివుళ్ల రంగు. ఏళ్ల తరబడి ల్యాబు మంటలో తీగ కొసన రవ్వంత చూపించి, ఇదిగో బేరియం అని మార్కులు వేసిన రంగే అది. ఆ పొయ్యిలో చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. చేతులెత్తి మొక్కాలనిపించింది.

అవ్వ మాత్రం కంగారు పడలేదు. కుండను పక్కకు జరిపింది.

"పొయ్యి తిననిది మనం తింటమా బిడ్డా?" అంది కూతురితో.

నేను లోపలికి దూకి ఆకు లాక్కున్నాను. పొగ మంచిది కాదని ఇద్దరినీ బయటికి లాగాను. నాలుక మీద వేసుకున్నారా, కుండలో వేశారా అని అడిగిందే అడిగాను. లేదని ఇద్దరూ ఒట్టు వేశాక అరుగు మీద కూలబడి ఏడ్చాను. అక్క నా వీపు నిమిరింది. చేతులు సబ్బుతో కడుక్కోమని ఆమెను కసిరాను. ఏడుస్తూ కూడా నా నోరు ఊరుకోలేదు.

ఏడుపు తగ్గాక, నా మాట నమ్మాలని, ఒక పాత గ్లాసులో నీళ్లు పోసి నాలుగు పలుకులు కరిగించాను. ఇంకో గ్లాసులో నా సీసాలోది కరిగించి అందులో పోశాను. రెండూ తేటనీళ్లే. కలిసిన క్షణంలో పాలలా తెల్లబడ్డాయి. తెలుపంతా మెల్లగా అడుక్కు దిగింది. అదిగో, విషం రాయైపోయింది అన్నాను. కడుపు ఫోటో తీసేటప్పుడు ఆసుపత్రిలో తాగించే తెల్లమందు ఈ జాతిదేనని కూడా చెప్పాను. చెప్పేకొద్దీ నాకు హుషారొచ్చింది. మళ్లీ పాఠంలో పడిపోయాను.

అక్క నోరు తెరుచుకుని చూస్తోంది. అవ్వ గ్లాసు వైపు చాలాసేపు చూసింది, తర్వాత నా వైపు.

"గింత ఎరుకున్నదానివి," అంది, "పొద్దుగాల నా బిడ్డకు ఒక్క మాట చెప్పకపోతివి."