టీచర్ గారితో ఆర్మేనియాలో ఒక రోజు

టీచర్ గారు పోయారన్న సంగతి నాకు టొరంటోలో ఫించ్ స్టేషన్ బయట, బస్సు దిగుతుండగా తెలిసింది. వాళ్ళమ్మాయి ఫోన్ చేశారు. ఆవిడను నేను అక్క అంటాను. "అమ్మ పొద్దున లేవలేదురా. నిద్రలోనే పోయింది. బంధువులకంటే ముందు నీకు చెప్పాలనిపించింది," అన్నారు. నేను ఫుట్‌పాత్ మధ్యలో ఆగిపోయాను. వెనక వస్తున్నవాళ్ళు నన్ను తప్పించుకుని స్టేషన్‌లోకి వెళ్ళిపోతున్నారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నిన్న టీచర్ ఏం చేసిన్రక్కా?" అని అడిగాను. అక్క కాస్త ఆలోచించి, "నిన్నా? లిఫ్ట్‌లో ఎవరి కుక్కనో చూసి అది ఏ జాతి అని పది నిమిషాలు అడిగింది," అన్నారు. ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది.

టీచర్ గారు నాకు పాఠం చెప్పినవారు కాదు. గుడివాడ దగ్గర ఒక ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాక, టొరంటో ఉత్తరాన నార్త్ యార్క్‌లో కూతురి దగ్గరికి వచ్చారు. నేను కరీంనగర్ దగ్గరి పల్లె నుంచి కెనడాలో సార్నియా అనే చిన్న ఊరి కాలేజీకి వచ్చినవాడిని. మన పిల్లలు విమానాలు నిండి దిగుతున్న రోజులవి. సార్నియాలో కారు లేకపోతే పని దొరకదు, దొరికినా అక్కడికి చేరలేం. క్లాసులు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి కదా అని నేను టొరంటో వచ్చేసి, ఒక కాండో అపార్ట్‌మెంట్ బిల్డింగ్ కింద సెక్యూరిటీ డెస్క్‌లో కూర్చునే పనిలో చేరాను. ఆ బిల్డింగ్‌లోనే పద్నాలుగో అంతస్తులో టీచర్ గారు ఉండేవారు.

మొదటిరోజే నా బ్యాడ్జ్ మీద పేరు చదివి, "మనవాడివేనా? ఏ ఊరు? మీ ఊరికి ఆ పేరెలా వచ్చింది?" అని అడిగారు. ఊరి పేరు ఎలా వచ్చిందో నాకు తెలియదు. "ఇంటికి ఫోన్ చేసినప్పుడు కనుక్కో," అన్నారు. మర్నాడు డెస్క్ దగ్గర ఆగి జవాబు అడిగారు. నేను కనుక్కోలేదు. ఆ మర్నాడు మళ్ళీ అడిగారు. ఇక తప్పక ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని, ఆ కథంతా ఆవిడకు చెప్పాను.

ఆవిడ పద్ధతే అంత. ఊలు టోపీ, చీర మీద కోటు, కాళ్ళకి కూతురు కొన్న పెద్ద బూట్లు వేసుకుని రోజూ లాబీలో నాలుగు చుట్లు నడిచేవారు. నడుస్తూ కనిపించినదల్లా చదివేవారు. ఫైర్ అలారం బోర్డు, లిఫ్ట్ తనిఖీ కాగితం, మెయిల్‌బాక్సుల మీది పేర్లు, ఏదీ వదిలేవారు కాదు. నేను ఏదైనా చెప్పబోతే, "ముందు ఏం చూశావో చెప్పు, ఏమనిపించిందో తర్వాత," అనేవారు. ఎవరైనా ఏదైనా గొప్పగా ఉందంటే, "గొప్పగా అంటే ఎంత పొడుగు, ఎంత వెడల్పు?" అనేవారు.

ఆర్మేనియా సంగతి ఆ మెయిల్‌బాక్సుల దగ్గరే మొదలైంది. మూడింటి మీద ఇంటిపేర్లు 'యాన్'తో ముగిశాయి. "వీళ్ళు ఆర్మేనియా వాళ్ళోయ్," అన్నారు టీచర్ గారు. "నేను మద్రాసులో బీఎడ్ చదివేటప్పుడు రోజూ ఆర్మేనియన్ స్ట్రీట్ మీదుగా నడిచేదాన్ని. అక్కడ వాళ్ళ పాత చర్చి ఉంది. వసారా నిండా సమాధి రాళ్ళే, వాటి మీద రాతలు. ఒక్క అక్షరం అర్థమయ్యేది కాదు. అంత దూరం నుంచి వచ్చి ఇక్కడ పోయారే, అసలు వీళ్ళ ఊళ్ళు ఎలా ఉంటాయో అనుకునేదాన్ని. యాభై ఏళ్ళయింది. ఇంకా చూళ్ళేదు."

ప్రతి చలికాలం ఆవిడ ఇండియా వెళ్ళేవారు. ఆ ఏడాది అక్కకు సెలవు దొరకలేదు. నేనూ అదే నెలలో వెళ్తున్నానని తెలిసి, అమ్మను హైదరాబాద్ దాకా తీసుకెళ్తావా అని అడిగారు. సరేనన్నాను. అప్పుడు టీచర్ గారు, "దారిలో ఎరెవాన్‌లో రెండు రోజులు ఆగుదాం," అన్నారు. ఎరెవాన్ ఆర్మేనియా రాజధాని. అది దారిలో ఉన్న ఊరేమీ కాదు. అక్క ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. చివరికి అక్క నన్ను పక్కకు పిలిచి, "మోకాళ్ళు బాగాలేవు. మెట్లెక్కనివ్వకు, దిగనివ్వకు. నాకు మాటివ్వు," అన్నారు. ఇచ్చాను.

అప్పటికి ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. నేను కెనడాకు తిరిగి రాకూడదనుకున్నాను. ఆఖరి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో మాత్రం పాసయ్యానని చెప్పాను. మా అమ్మ వాడంతా లడ్డూలు పంచింది. ఇంటికెళ్ళి ఏదో ఒకటి చెప్పుకుందాం, ఇక్కడ మాత్రం ఎవరికీ మొహం చూపించక్కర్లేదు అన్నది నా ఆలోచన.

ఎరెవాన్‌లో మా ఇద్దరి కోసమే ఒక కారు, గైడు మాట్లాడుకున్నాం. గైడూ డ్రైవరూ ఒకరే. యాభై దాటిన మనిషి, తల మీద నల్ల టోపీ. మమ్మల్ని చూసి, "మీ దేశం పిల్లలు ఇక్కడ బోలెడుమంది డాక్టరీ చదువుతున్నారు. మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎప్పుడూ మిరియాల వాసనే," అన్నాడు ఇంగ్లిషులో. "మిరియాలు కాదు, పోపు," అన్నారు టీచర్ గారు. కారు ఊరు దాటేలోపే పోపులో ఏమేం వేస్తారో ఆయనకు చెప్పేశారు. బదులుగా ఆయన ఆర్మేనియన్ అక్షరాలు ఎన్నో, ఎవరు కూర్చారో చెప్పాడు. ఆవిడ రోడ్డు పక్క బోర్డు ఒకటి చూపించి, "చూడరా, ఇది తలకట్టు లేని మన 'గ' కాదూ," అన్నారు. నిజంగానే అలాగే ఉంది. ఆ తర్వాత దారి పొడుగునా బోర్డుల మీద 'గ'లు వెతుకుతూనే ఉన్నారు.

మొదట ఖోర్ విరాప్‌కు వెళ్ళాం. ద్రాక్షతోటల మధ్య చిన్న గుట్ట, దాని మీద మఠం. వెనకాల మంచు కప్పుకున్న అరరాత్ కొండ ఆకాశంలో సగం ఆక్రమించుకుని ఉంది. కొండ కనిపిస్తుంది గానీ అది సరిహద్దు అవతల, టర్కీలో ఉంది. "రోజూ కిటికీలోంచి చూస్తాం. వెళ్ళలేం," అన్నాడు గైడు. టీచర్ గారు ఆ మాటకు మాత్రం ప్రశ్నేమీ వేయలేదు.

మఠం లోపల ఒక మూల, నేలలో రంధ్రం ఉంది. అందులోకి నిటారుగా దిగే ఇనుప నిచ్చెన. పూర్వం ఒక రాజు ఒక సాధువును ఆ గోతిలో పడేయించాడట. ఆయన పదమూడేళ్ళు అందులో బతికాడట. తర్వాత రాజుకు జబ్బు చేస్తే పైకి తీయించారని, ఆయనే దాన్ని నయం చేశాడని, అప్పటినుంచి దేశమంతా క్రైస్తవం పుచ్చుకుందని గైడు చెప్పాడు.

"పదమూడేళ్ళు ఏం తిన్నాడు?" అన్నారు టీచర్ గారు.

"ఒక ముసలావిడ రోజూ పైనుంచి రొట్టె వేసేదట, మేడమ్."

"ఆవిడ పేరేంటి?"

గైడు తల గీరుకున్నాడు. "నాకు తెలిసి ఎవరూ రాయలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు కూడా."

"పదమూడేళ్ళు రొట్టె వేసిన మనిషి పేరు రాసుకోలేదా," అని ఆవిడ నిజంగానే నొచ్చుకున్నారు. తర్వాత బూట్ల లేసులు బిగించుకుని నిచ్చెన వైపు కదిలారు.

నేను అడ్డంగా నిలబడ్డాను. "టీచర్, అక్కకు మాటిచ్చిన. మీరు దిగొద్దు."

"మాట ఇచ్చింది నువ్వు. నేను కాదు."

"మీకేమన్న అయితే నేను అక్కకేం చెప్పాలె?"

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేశారు. "సరే. అయితే నువ్వు దిగు. నా బదులు చూసిరా."

దిగాను. మెట్లు సన్నగా, జారుడుగా ఉన్నాయి. కింద గుండ్రటి గది, మసిబారిన గోడలు, గోడకున్న చిన్న గూట్లో కొవ్వొత్తి. గాలి వెచ్చగా, కదలకుండా ఉంది. అప్పటికి నాతోపాటు దిగినవాళ్ళెవరూ లేరు. రెండు నిమిషాలు చూసి వచ్చేద్దామనుకున్నాను. కానీ అక్కడ ఎవరికీ కనిపించనని తెలియగానే నేల మీద కూర్చుండిపోయాను. చాలాసేపు ఏడ్చాను. పైనుంచి ఎవరూ పిలవలేదు.

ఎక్కి వచ్చాక టీచర్ గారు నన్ను బయట ఎండలో పిట్టగోడ మీద కూర్చోబెట్టారు. వెడల్పెంత, గోడలు రాయా మట్టా, గాలి ఎక్కడినుంచి వస్తోంది అని వరసగా అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను.

"లోపలి నుంచి పైకి చూస్తే ఏం కనిపించింది?"

"మీ చెయ్యి కనిపించింది టీచర్. నిచ్చెన పట్టుకుని నిలబడ్డరు."

ఆవిడ తలూపారు. తర్వాత అదే గొంతుతో, "నీ టికెట్‌కి రిటర్న్ లేదేం?" అని అడిగారు. టొరంటో ఎయిర్‌పోర్ట్‌లో నా కాగితాలు చేత్తో పట్టుకున్నప్పుడే చూశారట. రెండు రోజులుగా అడగలేదు.

చెప్పేశాను. సబ్జెక్టులు, అబద్ధం, లడ్డూలు, అన్నీ. తిడతారనో ఓదారుస్తారనో అనుకున్నాను. ఆవిడకు తెలుసుకోవడమే కావలసి వచ్చింది.

"ఏయే సబ్జెక్టులు?"

"స్టాటిస్టిక్స్ ఒకటి. ఇంకోటి రిపోర్ట్ రైటింగ్."

"స్టాటిస్టిక్స్ పోయిందంటే నమ్ముతాను. రాయడం ఎలా పోయింది? ఊరి పేరు కథ నాకు అంత బాగా చెప్పావు."

"ఎగ్జామ్ రాయలే టీచర్. ఆ రోజు షిఫ్ట్ పడ్డది. పోలే."

"మరి పోయింది అంటావేం? రాయలేదు అను. రెండూ ఒకటి కాదు." కాస్త ఆగి, "నేను ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దాను. తప్పు రాసినవాళ్ళకి సున్నా వేశాను. అసలు రాయనివాళ్ళకి వేయాలంటే మాత్రం చెయ్యి వచ్చేది కాదు," అన్నారు.

మళ్ళీ ఎప్పుడు రాయొచ్చు, కాలేజీలో ఎవరిని అడగాలి, నా స్టడీ పర్మిట్ గడువు ఎప్పటిదాకా ఉంది అని ఒక్కొక్కటీ అడిగారు. సగం నాకు తెలియదు. ఫోన్‌లో వెతికి చూస్తే గడువు ఇంకా ఉంది. భయంతో ఆ తేదీని నేను అన్ని నెలలుగా చూడనే లేదు.

అరరాత్ ఎదురుగా కూర్చునే మా అమ్మకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "అమ్మా, నేను పాస్ కాలేదే. అబద్ధం చెప్పిన." అమ్మ, "లడ్డూలు పంచిన గదరా. ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలె?" అంది. నేను టీచర్ గారి వైపు చూశాను. ఆవిడ ఫోన్ అందుకుని, "లడ్డూలు బాగున్నాయా అని అడగండమ్మా. బాగున్నాయంటే ఇంకోసారి పంచొచ్చు," అన్నారు. ఈవిడెవరో తెలియకపోయినా మా అమ్మ నవ్వింది.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మూడు వారాలు ఊళ్ళో ఉండి, టికెట్ కొనుక్కుని తిరిగి వచ్చాను. రెండు సబ్జెక్టులూ మళ్ళీ చదివాను. స్టాటిస్టిక్స్ రెండోసారి కూడా అంతంతమాత్రమే, కానీ గట్టెక్కింది. ఇప్పుడు డౌన్‌టౌన్‌లో ఒక ఆఫీసులో రిపోర్టులు రాసే పనిలోనే ఉన్నాను. టీచర్ గారు వసంతానికి ఇండియా నుంచి వచ్చి, మార్కుల కాగితం అడిగి తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. శభాష్ అనలేదు. "ఈ 'బి ప్లస్' అంటే ఎన్ని మార్కులు?" అని అడిగారు.

ఖోర్ విరాప్ చూసిన ఆ రోజు మధ్యాహ్నమే గెగార్డ్ వెళ్ళాం. లోయ చివర, కొండను తొలిచి కట్టిన మఠం. ముంగిట్లో ఒక కుటుంబం కోడిపుంజును పట్టుకుని గుడి చుట్టూ మూడుసార్లు తిరుగుతోంది. మా ఊళ్ళో పోచమ్మ దగ్గర చూసిందే కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. టీచర్ గారు మాత్రం గైడును వెంటబెట్టుకుని వెళ్ళి వాళ్ళనే అడిగారు. మనవడికి ఆపరేషన్ అయి బతికాడట, అందుకు మొక్కు. ముందు పూజారి ఉప్పును దీవిస్తాడు. మాంసాన్ని ఆ ఉప్పుతోనే ఉడికించి పంచాలి, దాచుకోకూడదు. ఇంట్లో అప్పటికే వండి తెచ్చిన ఇంకో కుటుంబంలోని పెద్దావిడ పల్చటి రొట్టెలో మాంసం చుట్టి టీచర్ గారి చేతిలో పెట్టింది. టీచర్ గారు పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని మనిషి. రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకుని, నాకిచ్చారు. "తిని చెప్పు. ఉప్పు సరిపోయిందా?"

గుడిలోంచి బయటికి వచ్చేవాళ్ళు వెనక్కి నడుస్తున్నారు. దేవుడికి వీపు చూపించకూడదట. టీచర్ గారు కూడా నా మోచెయ్యి పట్టుకుని, ఆ పెద్ద బూట్లతో, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ గడప దాటారు.

బయట కొండ పక్కగా కొన్ని మెట్లు ఉన్నాయి. ఎక్కితే రాయిలోనే తొలిచిన పై గది వస్తుంది. నేను నోరు తెరిచేలోపే, "అమ్మాయికి చెప్పకు," అన్నారు. ఎక్కించాను. సన్నటి దారికి రెండు పక్కలా శిలువలు చెక్కిన గోడలు, చివర నాలుగు లావుపాటి స్తంభాల చీకటి గది. కప్పులోని రంధ్రం నుంచి ఒకే ఒక్క వెలుగు నేల మీద పడుతోంది. గైడు గొంతు తగ్గించి, "ఇక్కడ పాడితే రాయి కూడా పాడుతుంది. పాడండి మేడమ్," అన్నాడు.

"నాకు పాట రాదు," అన్నారు టీచర్ గారు. కాస్త ఆలోచించి, ఆ వెలుగు దగ్గరికి నడిచి, కోటు సర్దుకుని నిటారుగా నిలబడ్డారు.

"ఎనిమిదో తరగతి, బి సెక్షన్," అన్నారు. ఆ హాజరు పట్టీ ఎప్పటిదో, ఏ ఏడాదిదో చెప్పలేదు. "అన్నపూర్ణ." ఆ పేరు గోడల వెంట తిరిగి, పైకి లేచి, నెమ్మదిగా ఆగింది. "భాగ్యలక్ష్మి. చంద్రకళ. ధనమ్మ." గైడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. దారిలో వస్తున్న ఇద్దరు ముగ్గురు అక్కడే నిలబడిపోయారు. టీచర్ గారు ఎవరినీ చూడలేదు. కాగితం లేకుండా, తడుముకోకుండా, ఆ పిల్లలంతా ఎదురుగా బెంచీల మీద కూర్చుని ఉన్నట్టే పిలుస్తున్నారు. "మీరాబీ. రత్నకుమారి." ప్రతి పేరు తర్వాత ఆగి, రాయి ఆ పేరును పూర్తిగా వదిలేదాకా విని, అప్పుడు తర్వాతి పేరు పిలిచారు.