గొట్టం లేని బ్యారన్

సముద్రం అవతలి దీవిలో, తమిళులుండే వైపు, పలాలి ఎయిర్‌ఫీల్డులో దిగింది ఉదయం ఏడు ఇరవైకి. ఎనభై ఎనిమిది, ఫిబ్రవరి నెల. విమానం వెనక తలుపు తెరుచుకోగానే ముందు ఉప్పుగాలి కొట్టింది. తర్వాత ఎర్రమట్టి కనపడింది. నా వెనక రేడియో సెట్టు వీపున మోస్తున్న ఆపరేటరుది మా పల్నాడు వైపే, ముప్పాళ్ళ. ఆ మట్టి వంక చూసి, "అన్నా, ఏందిది, మనల్ని గాల్లో తిప్పితిప్పి మళ్ళీ వినుకొండ కాడే దించారా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

మనిషికొక సెల్ఫ్ లోడింగ్ రైఫిలు, ఐదు మ్యాగజైన్లు, నీళ్ళ సీసా, గ్రౌండ్ షీటు. మ్యాపు పాతది. మ్యాపులో ఉన్న దారి నేలమీద లేదు, నేలమీద ఉన్న బావి మ్యాపులో లేదు. అవతలి తమిళ మిలిటెంట్ కుర్రాళ్ళ చేతుల్లో మా కంటే మంచి తుపాకులున్నాయని మొదటి వారంలోనే తెలిసింది. కంపెనీ కమాండరు వరసలో నిలబెట్టి చెప్పిన మాట: "మీరు శాంతి కోసం వచ్చారు. చెట్టునుంచి కాయ కొయ్యొద్దు. ఎవరింట్లోనూ చెప్పులతో అడుగు పెట్టొద్దు." మేం వెళ్ళేసరికే ఆ శాంతి పేరుతో నాలుగు నెలలుగా కాల్పులు జరుగుతున్నాయి.

నా ర్యాంకు నాయక్. చదివింది ఏడో తరగతి. సైన్యంలో చేరకముందు మూడేళ్ళు మద్రాసులో ఇడ్లీ హోటల్లో పనిచేశాను. ఆ హోటలు తమిళమే నన్ను ప్లటూనులో దుబాసీని చేసింది. నేనూ ఆపరేటరూ తప్ప మిగతావాళ్ళంతా హిందీ మనుషులు. మా సుబేదార్ సాబ్ హిమాలయాల వైపు కొండల మనిషి. మంచివాడే. కాకపోతే పొలంలో నిలబడ్డ పొగాకు మొక్కను అక్కడే మొదటిసారి చూశాడు.

మా పోస్టు ఒక మూతబడ్డ బడి. ఇసుక బస్తాలు పేర్చుకుని పద్దెనిమిది మందిమి ఉండేవాళ్ళం. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఒక గస్తీ. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఇంకొకటి. దారికి రెండువైపులా తాటాకు దడులు. దడి అవతల ఎవరున్నారో తెలియదు. ఎండ మాత్రం మన రొంపిచెర్ల ఎండే.

గస్తీ దారిలో ఒక పెద్దాయన పొగాకు చేను ఉండేది. డెబ్భై ఏళ్ళుంటాయి. గళ్ళ లుంగీ, ఒంటిమీద చొక్కా ఉండదు. ఏతంతో నీళ్ళు తోడేవాడు. ఊరంతా మమ్మల్ని చూసి తలుపులు వేసుకుంటుంటే ఆయనొక్కడే మా సీసాలు నింపేవాడు. ఒకరోజు నేను ఏతం కొయ్య పట్టుకుని నాలుగు బొక్కెనలు తోడాను.

"తంబీ, నీది తుపాకి చెయ్యి కాదే," అన్నాడు.

"మా నాన్న కూడా పొగాకు రైతే అయ్యా."

"ఏ ఆకు?"

"వర్జీనియా. సిగరెట్టు ఆకు."

"ఓహో, దొరల ఆకు. మాది చుట్టాకు," అన్నాడు బోసినోటితో నవ్వుతూ. ఆ రోజునుంచి నన్ను చూస్తే, "దొరల ఆకు వచ్చాడు," అనేవాడు.

ఏప్రిల్ వచ్చింది. చేలో ఆకు కొట్టారు. ఆ వారమే పక్క ప్లటూను జీపు కింద మైను పేలి ఇద్దరు పోయారు. అందరి నరాలూ లాగిన తాడులా ఉన్నాయి. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, మూడు నలభైకి, గస్తీలో ముందు నడుస్తున్న సుబేదార్ సాబ్ చెయ్యెత్తి ఆపాడు. పెద్దాయన చేను చివర మట్టిగోడల పాక. తలుపు మూసి, సందులకు మట్టి మెత్తి ఉంది. కిటికీ లేదు. తాటాకు కప్పులోంచి సన్నగా తెల్లటి పొగ.

"అది వంటిల్లా?" అని అడిగాడు సాబ్.

"కాదు సాబ్."

"మరి పొగాకు కాల్చే ఇల్లా? నువ్వు ఆ పనివాడివేగా."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా పల్నాడులో వర్జీనియా ఆకు కాల్చే ఇంటికి, అంటే బ్యారన్‌కి, బయట పొయ్యి ఉంటుంది. లోపల రేకు గొట్టాలు పోతాయి. వేడి గొట్టంలో నడుస్తుంది, పొగ బయటికి పోతుంది. పొగ వాసన తగిలిన ఆకును కొనుగోలుదారు ముక్కు దగ్గర పెట్టుకుని విసిరికొడతాడు. గొట్టం చిల్లిపడి పొగ లోపలికి పోయిందని మా నాన్న ఒక ఏడు రెండు రోజులు అన్నం మానేశాడు. పొగ ఆకును ముట్టకూడదు. పొగాకు గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ప్రపంచమంతా అదే పాఠమనుకున్నాను.

"బ్యారన్ కాదు సాబ్," అన్నాను. "గొట్టం లేదు. తన ఆకును తనే పొగపెట్టి చెడగొట్టుకునే రైతు భూమ్మీద ఉండడు. లోపల ఇంకేదో ఉంది. పొగ ముసుగు." అంతటితో ఆగలేదు. "పొగాకు సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు," అని కూడా అన్నాను.

రేడియోలో వెళ్ళింది: "అనుమానపు పాక ఒకటి. లోపల పొగ. ఓవర్."

జవాబు వచ్చింది: "తెరిచి చూడండి. ఓవర్."

పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. మావాళ్ళు ఆయన చేతులు వెనక్కి విరిచి టెలిఫోను తీగతో కట్టారు. ఆయన మావాళ్ళ వంక చూడలేదు. నావైపే తిరిగాడు.

"తంబీ, నీకు తెలుసుగా. తలుపు తియ్యొద్దని చెప్పు. కింద గుంటలో కొబ్బరి పీచు రాజుతోంది. గాలి తగిలితే అంటుకుంటుంది. మా చుట్టాకుకు పొగ పట్టాలి తంబీ, పొగ పడితేనే అది ఆకు. ఇవాళ మూడో రోజు. రేపు పొద్దునకి గుంటలో నిప్పు ఆరిపోతుంది, నేనే తలుపు తీసి చూపిస్తాను. అంతవరకూ నన్ను మీ పోస్టులో కూచోబెట్టుకోండి. ఏమీ లేకపోతే వదలండి, ఏదైనా ఉంటే కాల్చండి."

మొత్తం అర్థమైంది. ఒక్క ముక్క పోలేదు. కొబ్బరి పీచు అన్న మాట దగ్గరే నా తప్పు నాకు తెలిసిపోయింది. చుట్టాకు వేరు, సిగరెట్టు ఆకు వేరు. ఆయన ఎప్పుడో నవ్వుతూ చెప్పాడు కూడా.

సుబేదార్ సాబ్ అడిగాడు, "ఏమంటున్నాడు?"

పది నిమిషాల కింద 'నాకు ఎవరూ చెప్పక్కర్లేదు' అన్నవాణ్ణి. పద్నాలుగు మంది వింటున్నారు. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"ఏం లేదు సాబ్. తనకేం తెలీదంటున్నాడు."

తలుపును బూటుతో తన్నారు. లోపల కర్రలకు వరసలుగా వేలాడుతున్న ఆకు. ఇంకేం లేదు. ఒక నీళ్ళకుండ ఉంది. గాలి లోపలికి పోయింది. కింది వరస ఆకు ఒకటి ఊగి గుంటలో పడింది. తర్వాత కప్పు అందుకుంది. పది నిమిషాల్లో గోడలు మిగిలాయి.

సాబ్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.  తర్వాత ఆపరేటరుకి చెప్పాడు, రాసి పెట్టుకున్నవాడిలా: "స్థావరం ఒకటి ధ్వంసం. అనుమానితుడు ఒకడు. మనకు నష్టం లేదు. ఓవర్." పద్నాలుగు మంది చూసిన పొగాకు రేడియోలో ఎక్కడా లేదు.

ఐదు యాభైకి పెద్దాయన్ను పెద్ద క్యాంపులో అప్పగించాం. తర్వాత ఏమైందో నాకు తెలియదు. దుబాసీని కదా, అడిగితే చెప్పేవాళ్ళే. అడగలేదు.

వెనక్కి నడుస్తుంటే ముప్పాళ్ళవాడు గొంతు తగ్గించి అన్నాడు, "అన్నా, ఆ తాత అంతసేపు చెప్పాడు. నువ్వు హిందీలో నాలుగు మాటలే అన్నావేంది?"

"నోరు మూసుకుని నడువు," అన్నాను.

మర్నాడు గస్తీలో ఆ బావి దగ్గరికి పోతే ఏతానికి తాడు లేదు. ఊళ్ళో ఏ బావికీ తాడు లేదు. మేం అక్కడున్న మిగతా పద్దెనిమిది నెలలూ నీళ్ళు ట్యాంకరులో తెచ్చుకునే తాగాం.

ఆ వారం నాన్నకు ఉత్తరం రాశాను. 'శత్రువుల స్థావరం ఒకటి పట్టుకుని తగలబెట్టాం. కనిపెట్టింది నేనే. సుబేదార్ గారు మెచ్చుకున్నారు.' రాసి, అతికించి, పోస్టులో వేశాను. రెండోసారి చెప్పిన అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వస్తుంది.

ఎనభై తొమ్మిదిలో ఓడలో మద్రాసు తీసుకొచ్చారు. రేవులో బ్యాండు వాయించింది మావాళ్ళే, విన్నదీ మావాళ్ళే. మద్రాసు గోడలమీద మమ్మల్ని హంతకులని రాశారు. నేను ఇడ్లీలు మోసిన వీధిలో హోటలు సర్వరు నా యూనిఫారం చూసి ప్లేటు విసురుగా పెట్టాడు. కోపమొచ్చింది. పంపింది మీరు ఓట్లేసిన వాళ్ళే కదరా, అందాం అనుకున్నాను. కట్టిన చేతులు గుర్తొచ్చి ఇడ్లీ తిని లేచాను.

సెలవు మీద ఇంటికొచ్చేసరికి నరసరావుపేటలో ఎలక్షన్ల హడావుడి. మమ్మల్ని అక్కడికి పంపిన పార్టీ నాయకుడొకడు మా ఇంటికి కారు పంపాడు. సర్వీసులో ఉన్నాను, వేదిక ఎక్కనన్నాను. అయితే కింద ముందు వరసలో కుర్చీ వేశారు. నా పక్కన నాన్న. ఆ నాయకుడు మైకులో నా ఉత్తరం చదివాడు. నాన్నే ఇచ్చాడట, బైబిల్లో దాచుకున్నది తీసి. "మన పల్నాటి బిడ్డ!" అని నన్ను లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను.

చప్పట్లు ముందు రెండు వరసల్లోనే మోగాయి. వెనకనుంచి లారీ మెకానిక్ మస్తాన్ బాబాయ్, మా నాన్న స్నేహితుడు, చేతుల గ్రీజు తుడుచుకుంటూ అడిగాడు. ఆయన అరవలేదు, ఇంట్లో అడిగినట్టే అడిగాడు.

"ఒరేయ్ అబ్బాయ్, అక్కడి జనాన్ని కాపాడటానికే పోయారు గదా. మరి వాళ్ళే పొమ్మంటున్నారంటగా. ఏం చేశార్రా మీరు వాళ్ళని?"

నాయకుడు నవ్వేసి, "బాబాయ్ పేపరు చానా చదువుతున్నట్టున్నాడు," అన్నాడు. జనం మాత్రం నవ్వలేదు. నావైపే చూశారు. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. మళ్ళీ అదే ఒక్క వాక్యం.

"అట్లాంటిదేం లేదు బాబాయ్. జనం మమ్మల్ని బాగానే చూశారు," అని కూచున్నాను.

ఇంటికొచ్చాక నాన్నకు చెప్పాను. పాక, పొగ, తీగ, ఆయన చెప్పింది, నేను చెప్పింది. నాన్న మధ్యలో ఒక్కటే అడిగాడు.

"ఎన్నో రోజు ఆకది?"

"మూడో రోజు."

 నాన్న జేబులోంచి నా ఉత్తరం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది బైబిల్లో ఉండదగింది కాదురా. నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు. చనిపోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బ్యారన్‌లో మంట వేసే పని మాత్రం నాకెప్పుడూ చెప్పలేదు.

ఆ పార్టీ మా దగ్గర గెలిచింది, ఢిల్లీలో ఓడింది. ఆ యుద్ధం కూడా ముంచిందని టీ హోటళ్ళలో లెక్కలు కట్టారు. ఈనాటికీ నాయకుల్ని తిట్టమంటే నేను పొద్దుగూకేదాకా తిట్టగలను. వాళ్ళు సరైన మ్యాపు ఇవ్వలేదు, సరైన తుపాకి ఇవ్వలేదు, ఎందుకు పోతున్నామో చెప్పలేదు. అదంతా నిజమే. కానీ ఆ మధ్యాహ్నం దుబాసీ ఢిల్లీలో లేడు. రైతు కొడుకు, పాకకి పది అడుగుల దూరంలో ఉన్నాడు.

ఒకటి నాన్నకు కూడా చెప్పలేదు. మా బ్యారన్ దగ్గర థర్మామీటరు వేలాడుతున్నా నాన్న దాన్ని నమ్మేవాడు కాదు. గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపలి వేడి చెప్పేవాడు. ఆ రోజు నేను హిందీలో ఆ నాలుగు మాటలు అన్నాక, తలుపును తన్నేలోపు, పెద్దాయన పాక దగ్గరికి నడిచాడు. చేతులు వెనక కట్టి ఉన్నాయి. వంగి, చెంపను మట్టిగోడకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. ఆకు ఎంతవరకు వచ్చిందో చూసుకుంటున్నాడు.