పైకి లేచిన మేకు

కోల్మన్ చేసిన పడవలు ఆ తీరంలో ముప్పై దాకా ఉండేవి. సన్నటి చెక్కబద్దలతో గూడు కట్టి, పైన కేన్వాస్ గుడ్డ లాగి బిగించి, మూడు పూతలు తారు పూసేవాడు. గుడ్డ వేయబోయే ముందు ప్రతి మేకు తలనూ బొటనవేలితో తడిమేవాడు. ఒక్కటి పైకి లేచి ఉన్నా చాలు, పడవ ఊగినప్పుడల్లా లోపలినుంచి గుడ్డను కొరుకుతుంది.

అరవై దాటాక చూపు మందగించింది. ఎవరికీ చెప్పలేదు. వేలుంది కదా అనుకున్నాడు. నలభై ఏళ్లు వేడి తారులో మాడిన ఆ వేలికి స్పర్శ ఎప్పుడు పోయిందో అతనికే తెలియలేదు.

మే నెలలో ఫెస్టీ అనే జాలరి, సముద్రంలో వేసిన పీతబుట్టలు తీయడానికి కోల్మన్ చేసిన పడవలో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. మూడో రోజున పడవ బోర్లాపడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి దొరకలేదు. ఈత రాదు, అక్కడ చేపలు పట్టేవాళ్లెవరూ నేర్చుకోరు. బండకు తగిలి ఉంటుందన్నారు అందరూ. ఫెస్టీ వాళ్లన్నయ్య మార్టీన్ మాత్రం కోల్మన్‌ను పిలిచి చూడమన్నాడు.

కోల్మన్ ఇసుకలో మోకరిల్లి, పడవ గుడ్డకు పడ్డ చిరుగుకు మొహం ఆనించి చూశాడు. బండ అయితే గుడ్డను బారుగా చీలుస్తుంది. ఇక్కడ గుండీ అంత గుండ్రటి కన్నం, దాని నుంచి చీలిక. కన్నం కింద మేకు తల అరిగి మెరుస్తోంది. బండ అనేస్తే సరిపోయేది. ఆ మాట పెదవుల దాకా వచ్చింది కూడా.

"బండ కాదురా. నా మేకు."

మార్టీన్ వంగి ఆ మేకు తలను వేలితో తడిమాడు.

"ఈ ముక్క అమ్మతో అనకు పెద్దాయనా. సముద్రం తీసుకుందనుకుంటోంది. దాంతో ఎలాగో బతుకుతుంది. నీ మీద పగతో బతకలేదు, ఆదివారం ఆదివారం చర్చిలో నీ పక్కనే కూర్చోవాలి."

ఇక పడవల పని మానేస్తానన్నాడు కోల్మన్.

"మానెయ్. నా పడవ చేశాక. కానాగంత చేపల కాలం వస్తోంది, నువ్వు కాక ఇంకెవడున్నాడిక్కడ? మేకులు నేను తడిమి చూస్తాలే, నీకు చూపు లేదని ఇందాక మొహం ఆనించినప్పుడే తెలిసింది."

ఆ నెలంతా కోల్మన్ మేకులు కొట్టాడు, మార్టీన్ తడిమాడు. లేచింది అనేవాడు, కోల్మన్ మళ్లీ కొట్టేవాడు.

కొత్త పడవను నీళ్లలోకి దించే రోజున పవిత్రజలం చల్లడానికి ఫెస్టీ తల్లి వచ్చింది. కోల్మన్ చేతులు రెండూ పట్టుకుంది.

"నీ పనిలో తప్పు లేదయ్యా. అంతా ఆ సముద్రానిదే."

కోల్మన్ చేతులు విడిపించుకుని, పడవను తోయడానికి వంగాడు. మార్టీన్ తెడ్లు అందుకుని, వాళ్లిద్దరి వైపూ చూడకుండా నీళ్లలోకి నడిచాడు.