బావి తాడుతో సముద్రాన్ని కొలిచిన రోజు

పోయిన ఏడాది ధర్మవరంలోని ఒక బడిలో సముద్రమట్టం గురించి గంటసేపు మాట్లాడాను. ఉపగ్రహాలు పంపే కొలతలు సరిచూడటమే నా ఉద్యోగం. అయినా ఒక్క పిల్ల కూడా ప్రశ్న అడగలేదు. ఆ సిగ్గు నన్ను ఏడాదంతా తొలిచింది. అదే బడి ఈ ఏడాది మళ్లీ పిలిచింది. ఈసారి ఒక్క ప్రశ్నయినా రాకపోతే మళ్లీ బడి గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకుని, హిందూపురంలో చెల్లెలి ఇంటి నుంచి ఉదయం ఏడున్నరకు బస్సెక్కాను.

గంటకు పైగా ప్రయాణం, టికెట్టు వంద లోపే. పెనుకొండలో దిగి ఇడ్లీ తిని, రైల్వే స్టేషనుకు ఆటో మాట్లాడుకున్నాను. ఆటో నడిపే ఆదెప్పకు టమాటా తోట కూడా ఉంది. "యాడికి పోతాండావక్కా?" అన్నాడు. సముద్రం గురించి పాఠం చెప్పడానికి అన్నాను.

"సముద్రం యాడుండాది, ధర్మవరం యాడుండాది!" అని పడీపడీ నవ్వాడు.

నాకు రోషం వచ్చింది. తీరంలో కొలకర్ర లాంటి పరికరం పాతి నీళ్లు ఎంత పెరిగాయో చూస్తామనీ, ఆ నేలే కుంగితే కొలత తప్పుతుందనీ వివరించాను.

"మా నాయన కథ గూడా అదే గదక్కా! బాయి గట్టు మీంచి తాడు దించి, ముడి నీళ్లకు తగిలితేనే మోటరు ఏస్తాడు. పోయిన ఎండాకాలం గట్టు మీద రెండు వరసలు ఇటుకలు పెట్టినాం. ముడి నీళ్లకు అందల్యా. నీళ్లు దిగిపోయినాయని వారం దినాలు మోటరు ఆపేసినాడు. నీళ్లు ఆడనే ఉండాయి, చెట్లు మాత్రం ఎండిపోయినాయి!"

సీట్లోంచి గంతేసినంత పని చేశాను. ఏడాదిగా వెతుకుతున్న పాఠం ఆటోలో దొరికింది! అతని దగ్గరే ఒక తాడు ముక్క అడిగి తీసుకుని రైలెక్కాను.

మధ్యాహ్నం తరగతిలో బకెట్టు నిండా నీళ్లు పోసి, పక్కన పేర్చిన ఇటుకల మీంచి ముడి నీటికి తగిలేలా తాడు వేలాడదీశాను. అందరినీ కళ్లు మూసుకోమని తాడు కింద ఇంకో ఇటుక పెట్టాను. కళ్లు తెరవగానే "నీళ్లు దిగినాయి!" అని సగం మంది, "లేదప్పా, ఇటుక లేసింది!" అని సగం మంది కేకలు. అందుకే పైనుంచి కూడా కొలుస్తామన్నాను. ఉపగ్రహం తరంగాన్ని కిందికి పంపుతుంది, అది నీటికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. తన ఎత్తులోంచి ఆ దూరం తీసేస్తే నీటిమట్టం వచ్చేస్తుంది. సముద్రంలో తేలే పరికరాలేమో నీటి వేడిని చెబుతాయి, వేడెక్కిన నీరు ఉబ్బుతుంది కాబట్టి.

వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, ఆ ఉపగ్రహమే కిందికి దిగిపోతే?"

నాకు కళ్లు చెమర్చాయి. మేం రోజూ పడే బెంగ అదే! దాని ఎత్తును కనిపెట్టుకుని ఉండటానికే నేల మీద కేంద్రాలున్నాయని చెప్పాను.

ఆ పిల్ల ఇంతవరకూ సముద్రాన్ని చూడలేదట. ఆదెప్ప నాయనా చూసి ఉండడు. సముద్రాన్ని కొలవడంలో ఉన్న అసలు చిక్కు మాత్రం ఇద్దరికీ తెలుసు. నేనే ఇన్నాళ్లూ వాళ్లకు తెలియదనుకున్నాను.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పెనుకొండ స్టేషనుకు రైలు వేళకన్నా గంట ముందే ఆటో ఎక్కండి, ఎందుకు వెళ్తున్నారో డ్రైవరుకు చెప్పండి. ఆయన నవ్వితే నొచ్చుకోకండి, మొత్తం వినండి.