ఆ తల్లి అమ్మించిన కారు

మా అమ్మాయి పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. రోజంతా కొత్త కార్లు దాని చేతుల మీదుగా పోతుంటాయి. అలాంటి పిల్ల కొత్త కారే కొంటుంది గదా అని ధర్మవరంలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. అదేమో హిందూపురంలో ఎవరో వాడిన కారు మీద మనసు పడింది. పాతదైతే పోనీ అనుకోవచ్చు, అది మామూలు కారు కూడా కాదు. టర్బో ఇంజనట, కాలు మోపితే చాలు దూసుకుపోతుందట.

"అదే దుడ్డుకు కొత్తది వస్తాది గదే," అన్నాను.

"కొత్తదాంట్లో ఏముండాదిమ్మా, వాసన తప్ప? లారీని దాటల్లంటే దానికి దమ్ము చాలదు. ఇది తొక్కితే పోతాది, తొక్కితే నిలుస్తాది."

"పోయేది యాడికి? నేరుగా పైకా?"

నాకు వేగమంటే వణుకు. బెంగళూరు హైవే మీద లారీలు ఎట్లా పోతాయో చూసినదాన్ని. అది స్కూటీ మీద డ్యూటీకి పోయే రోజుల్లోనే, తిరిగి వచ్చేదాకా నేను వాకిలి వదిలేదాన్ని కాదు. ఇప్పుడు స్కూటీకి బదులు ఈ రాక్షసి. మా ఆయన "మీ తల్లీకూతుళ్ళే తేల్చుకోండి" అని చేతులు దులుపుకున్నాడు. ఏ గొడవకైనా ఆయన అంతే. పైగా "అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా" అని ఒక సామెత పడేశాడు. "నాకు గడ్డం యాడుంది నాయనా?" అని అది నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కానీ ఒక మాట ఇచ్చింది. "నువ్వొచ్చి చూడమ్మా. చూసినాక వద్దంటే కొత్తదే తీసుకుంటా. మళ్ళీ అడగను." ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. వద్దని చెప్పడానికే దాంతోపాటు హిందూపురం రైలెక్కాను.

కారు అమ్మే అబ్బాయికి ముప్పై ఏళ్ళుంటాయి. ఇంట్లో అతనూ, నా వయసే ఉన్న వాళ్ళమ్మా ఉన్నారు. ముందు కారు తోలి చూద్దామన్నారు. మా అమ్మాయి తోలింది, అబ్బాయి పక్కన, నేను వెనక. పెనుకొండ రోడ్డెక్కగానే అది ఒక్కసారి తొక్కింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. కళ్ళు మూసుకుని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. ఇంతలో బ్రేకు పడింది. కారు ఉన్నచోటనే నిలిచింది. ఎదురుగా గొర్రెల మంద రోడ్డు దాటుతోందట. "చూసినావామ్మా ఎట్లా నిలిచిందో?" అంది. ఏం చూసేది, నా కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

తిరిగొచ్చాక ఆ తల్లి కాఫీ కలుపుతుంటే వంటింట్లోకి పోయాను. మా వైపు పాత బండి కొనేవాళ్ళు ఇంజను సంగతి కంటే ముందు ఇంకో సంగతి అడుగుతారు. మనిషి పోయిన బండిని ఊరికే ఇచ్చినా ఇంటికి తెచ్చుకోరు.

"అక్కా, ఏమనుకోవద్దు. ఈ బండి వల్ల ఎవరికైనా ప్రాణం పోయిందా?"

ఔనంటే బాగుండునని కోరుకున్నాను, పాపిష్టిదాన్ని.

"లేదు తల్లీ, గీత కూడా పడలేదు. నేనే అమ్మమని పోరు పెట్టినా. వాడు బండి తీసినాడంటే నాకు కాళ్ళూచేతులూ ఆడవు. కడాకు కూడు మానేసి కూచున్నా. అప్పుడు ఒప్పుకున్నాడు. ఇంక నిమ్మళంగా ఉంటా."

అచ్చం నా మాటలే. కిటికీలోంచి చూస్తే ఆ అబ్బాయి కారు అద్దం తుడుస్తున్నాడు, అమ్మేసే కారైనా. "కాఫీ తాగుదువు రారా" అని ఆమె పిలిచింది. "వద్దు" అన్నాడు తల తిప్పకుండా. ఆ గొంతులో కోపమేమీ లేదు. మేమున్నంత సేపూ అతను తల్లి ముఖం ఒక్కసారి కూడా చూడలేదు.

నాకు భయమేసింది. ఇది హైవే భయం కాదు. నా కూతురు మాట తప్పే పిల్ల కాదు. వద్దంటే ఈ కారు సంగతి మళ్ళీ ఎత్తదు. ఆ తర్వాత నన్ను ఇంకేదీ అడగదేమో కూడా.

"ఏమంటావమ్మా?" అంది బయట నిలబడి.

"తీసుకో," అన్నాను. దానికి వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

కాగితాల పని ముగిశాక కారు తెచ్చుకోవడానికి మళ్ళీ పోయాం. ఆ తల్లి నాకు బొట్టు పెట్టి, రవికెగుడ్డా తాంబూలమూ చేతిలో పెట్టింది. ఆమె ముఖం వెలిగిపోతుంటే నాకు ఒళ్ళు మండింది. తన దిగులంతా నా ఒళ్ళో పోసి సాగనంపుతోంది మహాతల్లి అనుకున్నాను. నా ఫోన్ నంబరు కూడా తీసుకుంది. ఎందుకని నేను అడగలేదు.

పెనుకొండ దగ్గర పడుతుండగా ఫోన్ మోగింది. ఆమే.

"యాడుండారు తల్లీ? పాప నిదానంగా తోలుతాండాదా?"

"నిదానమే అక్కా. పెనుకొండ కాడికి వచ్చినాం."

"ధర్మవరం చేరినాక ఒక ఫోన్ చెయ్యి. పొద్దున్నించి నాకు కూడు సహించలేదు. నా కొడుకైతే ఏమి, నీ కూతురైతే ఏమి, బండి అదే గదా."

చేస్తానన్నాను. ఆమె మీది కోపమంతా ఎటు పోయిందో తెలియదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవరమ్మా?" అంది మా అమ్మాయి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"భద్రంగా పోనీవే," అన్నాను. "మనం చేరినాక ఆడ హిందూపురంలో ఆమె అన్నం తినల్ల."