రాయి దాటిన చేపలు

నా చిన్నప్పుడు, అంటే అరవైల చివర్లో, చేలకు పురుగుమందులు కొత్తగా వస్తున్న రోజుల్లో, మా ఊరి పక్క నాగావళిలో ఒక మడుగు ఉండేది. అందులో ఎవరూ వల వెయ్యకూడదని ఊరి కట్టుబాటు. దిగువన ఒక నల్లరాయి. ఆ రాయి దాటి వచ్చిన చేప మాత్రం ఎవరికి దొరికితే వాళ్లది. కాపలా మా తాతయ్యది. ఎవరైనా గాలం పట్టుకొస్తే "వద్దు" అనేవాడు, అంతే. ఎందుకని అడిగితే మీసం దువ్వుకునేవాడు. మడుగులో చేపలన్నీ ముసలాడే తినేస్తున్నాడని ఊళ్లో వేళాకోళం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఏటా ఎండలు ముదిరి నీరు తగ్గాక ఆయన మడుగులో వలలు దింపేవాడు. పడినవాటిని తడి గోనెసంచి మీద పరిచి, గాట్లు పెట్టిన వెదురుకర్రతో మూతి నుంచి తోక దాకా కొలిచి, మళ్లీ నీళ్లలో వదిలేసేవాడు. కొలత తగ్గితే ఆ ఏడు దిగువన కూడా వేట ఆపించేవాడు. కర్ర పట్టుకునే పని నాది. సన్నకన్ను వలకి వేలంత పరిగెలు, పెద్దకన్ను వలకి మూరెడు వాలుగలు. అన్నిటినీ ఒక్క వల పట్టలేదని అక్కడే చూశాను.

ఒక ఏడు వానల్లేవు. ఇళ్లలో గంజి కూడా పలచబడింది. ఒక ఉదయం, తాతయ్య పొందూరు వెళ్లి ఉండగా, రేవులో కేకలు. రాయి దాటి చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలి వస్తున్నాయి. ఊరంతా బుట్టలతో ఏట్లో దిగింది. కట్టుబాటు ప్రకారం తప్పేముంది మరి! పక్కింటి అక్క కడుపుతో ఉంది. చేపల పులుసు మీద మనసై ఎన్నాళ్లయిందో, అందరికన్నా ముందే కొంగు నింపుకుని, నా బుగ్గ గిల్లి ఇంటికి పోయింది.

పొద్దెక్కాక తాతయ్య వచ్చి ముందు ఆకాశం చూశాడు. అన్ని చేపలున్నా ఏటి మీద ఒక్క కొంగ లేదు. నాకెందుకో భయం వేసింది. ఆయన "వద్దు" అన్నాడు. ఎవరూ ఆగలేదు. రాయి దాటినా నీ పెత్తనమేటని ఒకాయన తగువుకొచ్చాడు. తాతయ్య అతని బుట్ట ఇసుక మీద కుమ్మరించి, చేపల్ని చిన్నదాని పక్కన పెద్దది వరసగా పేర్చాడు.

"సూడండర్రా. వేలంత పరిగె, మూరెడు వాలుగ, బురద ఇడిసి రాని మట్టగిడస. ఏ వలకి ఇన్ని కొలతలు ఒకపాలి పడతాయి? ఇది వల పని కాదు, ఇసం పని. ఎగువన ఎవడో చేలమందు ఏట్లో కలిపీసినాడు."

బుట్టలు జారిపోయాయి. నాకు అక్క గుర్తొచ్చింది. కొంగు నిండా చేపలు తీసుకెళ్లిందని చెప్పగానే తాతయ్య పంచె ఎగగట్టి పరిగెత్తాడు, వెనక నేను.

మేం వెళ్లేసరికి అక్క కంచం కడుగుతోంది. ఆయన్ని చూసి నవ్వింది.

"తినీసినాను తాతా. రాయి దాటినవేలే."

తాతయ్య గుమ్మంలోంచే జనాన్ని కేకేశాడు. ఎవరో కక్కించాలని అక్కకి ఉప్పునీళ్లు తాగించారు, ఎవరో ఆసుపత్రికని బండి కట్టారు. ఆమదాలవలస రోడ్డు ఎక్కకముందే మూర్ఛలు మొదలయ్యాయట. సాయంత్రానికి బండి వెనక్కి వచ్చింది. అక్క బతకలేదు. మందు కలిపినవాడు ఎవడో ఈనాటికీ తెలియదు.

కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇన్నేళ్లూ వద్దనీసి ఊరుకున్నానే అమ్మా. ఎందుకో ఒక్కరికీ సెప్పలేదు. సేపల సంగతి సెప్పుంటే, అన్ని కొలతలూ ఒకపాలి తేలితే ఇసమని ఆ పిల్లకీ తెలిసుండును."

ఆయన ఏడవగా చూడడం నాకు అదే మొదలు. ఆ తర్వాత ఎవరడిగినా, అడక్కపోయినా, మడుగులో తల్లిచేపలు మిగలాలనీ, అన్ని కొలతలూ కలిసి తేలితే ముట్టకూడదనీ, చేపల సంగతంతా కూర్చోబెట్టి చెప్పేవాడు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. వాళ్లని వద్దనబోయే ప్రతిసారీ, తడిచేతులతో నవ్వుతూ అక్క నా ఎదుట నిలబడుతుంది. చేతిలో పని పక్కన పెట్టి, వాళ్ల దగ్గర కూర్చుని, ఎందుకో చెప్పాకే లేస్తాను.