టైల్స్ వేసిన భజన మందిరం

2023 చలికాలం. జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాలో ఒక చిన్న వినికిడి పరీక్షా కేంద్రంలో ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. పాపకు ఎనిమిదో నెల వచ్చాక తిరిగి చేరాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముప్ఫై నలభై ఏళ్లు మిల్లుల్లో చేసి రిటైరైనవాళ్లే.

అప్పలస్వామిగారు (పేరు మార్చాను) భుయ్యాడీహ్ నుంచి కొడుకుతో వచ్చారు. అక్కడి ఒక చిన్న భజన మందిరంలో ఇరవై ఏళ్లుగా హార్మోనియం ఆయనదే. ఏడాదిగా శ్రుతి కుదరడం లేదని పెట్టెను రెండుసార్లు బాగుచేయించారట. పెట్టెలో లోపమేమీ లేదని బాగుచేసేవాడు తేల్చేశాడు. దాంతో శ్రీరామనవమికి ఈయన చేత వాయింపించాలా వద్దా అని బృందంలో గుసగుసలు మొదలయ్యాయి.

"నా సెవికేటీ అవనేదమ్మా. గోడలకి టైల్స్ ఏసిన కాడినుంచే పాట సెడిపోనాది," అన్నారు కూర్చోకముందే.

"టైల్స్ భీ బేసురా గాతా హై క్యా, పాపా?" అని కొడుకు నవ్వాడు. టైల్స్ కూడా అపస్వరం పాడతాయా అని.

ఆయన్ని బూత్‌లో కూర్చోబెట్టాను. బయటి చప్పుడు రాకుండా, లోపలి చప్పుడు తిరిగి కొట్టకుండా మెత్తటి పలకలతో కట్టిన గది అది. ఎంత సన్నటి శబ్దం వరకు వినగలరో చూపే గీతను ఆడియోగ్రామ్ అంటాం. కుడి చెవి గీత బాగా కిందికి జారింది. మిల్లులో యంత్రం ఆయనకు కుడిపక్కనే ఉండేదట. ఒకే స్వరాన్ని ఒక్కో చెవికి విడిగా వినిపించాను. కుడివైపు శ్రుతి కాస్త హెచ్చుగా ఉందన్నారు. రెండు చెవులూ ఒకే స్వరాన్ని రెండు శ్రుతుల్లో వినడాన్ని డిప్లాక్యూసిస్ అంటారు.

ఇంట్లో పాపకు జ్వరం. ఎప్పుడు బయటపడదామా అని ఉంది. జవాబు తేలిగ్గా దొరికిందని సంతోషించాను కూడా. లోపం చెవిదే, హాలుది కాదు అని కొడుకు ముందే చెప్పి పరీక్ష కాగితం అతని చేతికిచ్చాను. దాని ఫోటో ఆ సాయంత్రమే బృందం వాట్సాప్‌లోకి వెళ్లింది. నవమి రాకముందే హార్మోనియం మరొకరి చేతికి పోయింది.

ఆ తర్వాత ఆయన మా దగ్గర పెట్టించుకున్న హియరింగ్ ఎయిడ్ సరిచేయించుకోవడానికి వచ్చారు. ఇంట్లో మాటలు బాగానే తెలుస్తున్నాయట, మందిరంలోనే పదాలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయట. అప్పుడు వెళ్లి చూశాను. చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడల మధ్య తిరుగుతూ ఎంతకీ ఆరలేదు. నా చెవులు బాగానే ఉన్నాయి, అయినా భజనలో ఒక్క చరణం కూడా నాకు సరిగ్గా అందలేదు. మునుపు గరుకు గోడలు, పెంకుల కప్పు, నేలంతా జంపఖానాలు ఉండేవట. ఆయన చెవి మారింది, గది కూడా మారింది. నేను సగమే చెప్పాను.

గోడలకు మందపాటి పరదాలు కట్టమని బృందం పెద్దను అడిగాను. ఆయన టైల్స్ వైపు చూపించారు. ఒక్కోదాని మీద ఒక్కో ఇంట్లో పోయినవాళ్ల పేరు. అప్పలస్వామిగారి భార్య పేరు కూడా అందులో ఉంది.

"పెద్దోల పేర్ల మీద పరదా ఏత్తావంటే ఎవులొప్పుతారమ్మా?" అన్నారు, మర్యాదగానే.

అప్పలస్వామిగారు వెనక వరసలో తాళాలు పట్టుకుని కూర్చున్నారు. హాలు గురించి మీరన్నది నిజమేనని ఆయనకు చెప్పాను.

"ఆ మాట ఆ దినమే అనుంటే ఆర్మోనీ పెట్టి నాకాడే ఉండును. ఇప్పుడు తెచ్చి ఒళ్లో ఎట్టినా వాయించనేనమ్మా. ఏలు ఏసిన పెతీసారీ, ఇది నాకే ఇలాగినిపిత్తందా, అందరికీనా అని జనం మొకాలు సూడాల," అన్నారు.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఎక్కడ వినపడటం లేదో అడుగుతాను. చోటు పేరు చెబితే, అక్కడికి వెళ్లి నా చెవులతో వినేదాకా కాగితం మీద ఏమీ రాయను. రాసింది ముందుగా ఆ మనిషికే, ఒంటరిగా చెబుతాను. అప్పలస్వామిగారు మాత్రం ఎయిడ్ బ్యాటరీకి కూడా మళ్లీ మా దగ్గరికి రాలేదు.